అమెరికా డస్ట్ బౌల్ వానల్లేకనే వచ్చిందా? అలాంటిది మన అనంతపురంలో వస్తుందా?

బాబూ, ఏయూలో జాగ్రఫీ ప్రాజెక్టు కోసం నువ్వు అడిగినవి రెండు. 1930ల్లో అమెరికాలో వచ్చిన డస్ట్ బౌల్, అంటే పొలాల మట్టి గాలికి లేచి ఏళ్ల తరబడి దుమ్ము దుమారాలు ముంచెత్తిన విపత్తు, కేవలం వానలు పడక వచ్చిందా అనేది ఒకటి, అలాంటిది మన ఆంధ్రాలో ఎప్పుడైనా జరిగిందా, ఇకముందు జరుగుతుందా అనేది రెండోది. నా ముందు రాసినాయన "అదంతా ప్రకృతి, మనిషి చేయగలిగేదేం లేదు" అని ఒక్క ముక్కలో తేల్చేశారు, ఆ మాటతో నేను ఒప్పుకోను. నా ఉద్యోగం మొత్తం నేల సంరక్షణ పనుల్లోనే గడిచింది, కొన్నాళ్లు అనంతపురం వైపు, తర్వాత మన ఉత్తరాంధ్రలో, రిటైరయ్యాక మధురవాడలో ఉంటున్నా. సమాధానం కాస్త పొడుగవుతుంది, తీరిగ్గా చదువు.

అసలు మాట ముందే చెప్పేస్తా. వాన తప్పితే కరువొస్తుంది, కానీ కరువొచ్చిన ప్రతిచోటా దుమ్ము లేవదు. నేల మీద గడ్డో, కొయ్యకాళ్లో, చెత్తో ఏదో ఒక కప్పు ఉన్నంతసేపూ ఎంత గాలి వీచినా మట్టి కదలదు. ఆ కప్పు పోయిన చోటే దుమారం లేస్తుంది. ఆ కప్పు తీసేది మనిషే, అదీ ఊరికే తియ్యడు, పంట రేటు బాగుందనో అప్పు తీర్చాలనో తీస్తాడు. అందుకే దుమారాల చరిత్ర చదివేటప్పుడు వానల లెక్కతో పాటు మార్కెట్ రేట్ల లెక్క కూడా పక్కన పెట్టుకోవాలి, లేకపోతే సగమే అర్థమవుతుంది.

గాలికి మట్టి ఎలా లేస్తుందో తెలిస్తే మిగతాదంతా సులువు. సన్నటి దుమ్ము గాలికి డైరెక్టుగా లేవదు, అది నేలకి అంటుకుని ఉంటుంది. ముందు కదిలేవి మధ్యరకం ఇసుక రేణువులు, అంటే మిల్లీమీటరులో పదో వంతు నుంచి సగం దాకా ఉండేవి. ఇవి గెంతుకుంటూ పోతాయి, ఒక్కో గెంతుకి కింద పడ్డప్పుడు క్యారమ్స్ స్ట్రైకర్ కాయిన్లని కొట్టినట్టు పక్కనున్న సన్న మట్టిని కొట్టి లేపుతాయి, అలా లేచిన సన్న దుమ్ము పైకి వెళ్ళిపోయి వందల మైళ్ళు పోతుంది. పొలం ఎంత పొడుగుంటే ఈ గెంతుడు అంత జోరందుకుంటుంది, మధ్యలో గట్టో, చెట్ల వరసో, కోసిన జొన్న కొయ్యకాళ్లో అడ్డమొస్తే అక్కడికక్కడ ఆగిపోతుంది. ఇంకో సంగతి, పైకెగిరిపోయే ఆ సన్న దుమ్ములోనే బంకమట్టి, సేంద్రియ పదార్థం, అంటే నేల సత్తువంతా ఉంటుంది, పొలంలో మిగిలేది ఒట్టి ఇసుక. రైతు కంటికి పొలం అక్కడే ఉన్నట్టు కనిపిస్తుంది కానీ పంట పండించే భాగం ఎప్పుడో వెళ్ళిపోయి ఉంటుంది. అమెరికా శాస్త్రవేత్తలు ఏళ్ల తరబడి కొలిచి 1965లో గాలికోతకి ఒక సూత్రం తయారుచేశారు, అందులో చూసేవి ఐదు: మట్టి రకం, నేల ఎగుడుదిగుడు, వాతావరణం, గాలి దిశలో పొలం పొడవు, నేల మీద ఉన్న కప్పు. ఈ ఐదింట్లో మన చేతిలో లేనిది వాతావరణం. మట్టి రకాన్ని కూడా ఒక్క రోజులో మార్చలేం అనుకో, మిగతా మూడూ మాత్రం పూర్తిగా రైతు చేతిలోవే.

ఇప్పుడు అమెరికా సంగతి. ఓక్లహామా, టెక్సాస్ రాష్ట్రాల పైభాగం, కాన్సాస్ పడమర, కొలరాడో, న్యూమెక్సికోల అంచులు, ఈ ఐదూ కలిసే చోటు చెట్లు పెద్దగా లేని గడ్డి మైదానం. వాన తక్కువ, గాలి ఎక్కువ, ఆ పొట్టి గడ్డి వేళ్ళతోనే నేలని పట్టుకుని ఉండేది. 1862లో హోమ్‌స్టెడ్ చట్టం కింద మనిషికి 160 ఎకరాలు ఇచ్చారు, మెట్ట ప్రాంతంలో అది చాలట్లేదని 1909లో ఇంకో చట్టంతో 320 చేశారు. నాగలి దున్నుకుంటూ పోతే దాని వెనకాలే వాన వస్తుందని అప్పట్లో ప్రచారం కూడా చేశారు, భూములమ్ముకునేవాళ్ళూ రైల్వే కంపెనీలూ దాన్ని బాగా వాడుకున్నాయి, నమ్మి వచ్చిన పేద కుటుంబాలు వేలల్లో ఉన్నాయి. మొదటి ప్రపంచ యుద్ధంలో గోధుమ రేటు బుషెల్‌కి (సుమారు 27 కిలోలు) 2 డాలర్లు దాటింది. ట్రాక్టర్లొచ్చాయి, మట్టిని పొడిపొడి చేసేసే డిస్క్ నాగళ్ళొచ్చాయి. యుద్ధం అయ్యాక రేటు పడిపోతే దున్నడం తగ్గాలి కదా, తగ్గలేదు, పెరిగింది, ఎందుకంటే ట్రాక్టర్ అప్పు కట్టాలి, రేటు సగమైతే రెండింతలు పండించాలి. 1925 నుంచి 1930 మధ్యలోనే దక్షిణ మైదానాల్లో 50 లక్షల ఎకరాలకి పైగా కొత్త గడ్డి నేల దున్నేశారు. ఊళ్ళో ఉండకుండా పట్నం నుంచి సూట్‌కేసుతో వచ్చి విత్తేసి వెళ్ళిపోయి మళ్ళీ కోతకే వచ్చేవాళ్ళు కూడా ఉండేవాళ్ళు, ఆ నేల ఏమైపోయినా వాళ్ళకి పట్టేది కాదు. 1931లో పంట విరగపండింది, రేటు 40 సెంట్ల కిందకి పోయింది, చాలామంది పొలాలు అలాగే వదిలేసి పోయారు, సరిగ్గా అప్పుడు వానలు ఆగిపోయాయి.

చూశావా, వానలు ఆగేసరికి నేల అప్పటికే బోసిగా ఉంది. అంతకుముందు 1890ల్లో కూడా అక్కడ పెద్ద కరువే వచ్చింది, జనం ఊళ్ళకి ఊళ్ళు వదిలి వెళ్ళారు, కానీ ఈ స్థాయి దుమారాలు లేవు, చాలా భాగం గడ్డి ఇంకా ఉంది కాబట్టి.

తర్వాత జరిగింది నువ్వు చదివే ఉంటావు. 1934 మే నెలలో లేచిన దుమ్ము షికాగో మీదుగా న్యూయార్క్, వాషింగ్టన్ దాకా వెళ్ళి అట్లాంటిక్‌లో ఓడల మీద కూడా పడింది. 1935 ఏప్రిల్ 14 ఆదివారం వచ్చిన దాన్ని బ్లాక్ సండే అంటారు, మధ్యాహ్నం పూట నల్లటి దుమ్ము మబ్బు నేల నుంచి ఆకాశం దాకా లేచి వచ్చి పక్క మనిషి కనపడనంత చీకటి చేసేసింది. ఆ మర్నాడు రాబర్ట్ గైగర్ అనే విలేఖరి రాసిన వార్తలోంచే డస్ట్ బౌల్ అన్న పేరు జనంలోకి వెళ్ళింది. దుమ్ములో పుట్టే స్టాటిక్ కరెంటుకి కార్లు ఆగిపోయేవి, అందుకని వెనకాల నేలకి తగిలేలా గొలుసు వేలాడదీసుకుని తిరిగేవాళ్ళు. తలుపు సందుల్లో తడిగుడ్డలు కుక్కినా దుమ్ము ఆగేది కాదు, పిల్లలూ ముసలివాళ్ళూ దుమ్ము నిమోనియాతో చచ్చిపోయారు. మేతలేక పశువులు పోతుంటే ప్రభుత్వమే కొనేసింది, వాటిలో తిండికి పనికిరానివాటిని చంపేయాల్సి వచ్చింది. 1940 నాటికి ఆ మైదాన రాష్ట్రాల నుంచి సుమారు 25 లక్షల మంది వెళ్ళిపోయారు. ఈ సంఖ్యలు చదివేసి ముందుకి వెళ్ళిపోకు, వాళ్ళంతా మనలాంటి రైతు కుటుంబాలే.

దీంట్లో నేను బాగా గౌరవించే మనిషి హ్యూ బెన్నెట్. మట్టి సర్వేలు చేసే ఉద్యోగి ఆయన, దుమారాలకి చాలా ముందు నుంచే నేల కొట్టుకుపోతోందని మొత్తుకున్నాడు, ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. 1935లో వాషింగ్టన్‌లో చట్టసభ కమిటీ ముందు మాట్లాడుతుండగా పడమర నుంచి దుమ్ము మబ్బు వస్తోందని ఆయనకి కబురుందని, అది వచ్చేదాకా మాటలు సాగదీసి కిటికీలోంచి చూపించాడని చెప్పుకుంటారు. ఆ ఏప్రిల్ 27నే నేల సంరక్షణ చట్టం వచ్చింది. ఆయన చేయించిన పనులేంటంటే వాలుకి అడ్డంగా దున్నడం, గట్లు వెయ్యడం, పంటల్ని పట్టీలు పట్టీలుగా మార్చి వెయ్యడం, బాగా చెడిన నేలని మళ్ళీ గడ్డికి వదిలెయ్యడం. రైతుకి ఉచిత సలహా ఒక్కటే ఇస్తే చెయ్యడని తెలుసు కాబట్టి చేసినందుకు ఎకరానికింత అని డబ్బులు కూడా ఇచ్చారు. ఇది చాలా ముఖ్యం, ఆకలితో ఉన్న రైతుకి నీతులు చెబితే నేల బాగుపడదు. ఇంకోవైపు అప్పటి అమెరికా అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ పట్టుబట్టి ఉత్తర డకోటా నుంచి టెక్సాస్ దాకా గాలికి అడ్డంగా చెట్ల వరసలు పెట్టించాడు, 1942 నాటికి దాదాపు 22 కోట్ల చెట్లు. వానలు 1939 తర్వాత గానీ సరిగ్గా రాలేదు, దుమ్ము మాత్రం అంతకుముందు నుంచే తగ్గుతూ వచ్చింది. మనిషి చేయగలిగేదేం లేదు అన్నాయన ఈ ఒక్క విషయం చూడాలి.

మన వైజాగ్‌కి కూడా ఆ మైదానాలతో ఒక లంకె ఉంది. 1965, 66 రెండేళ్ళు వరసగా మన రుతుపవనాలు తప్పితే అమెరికా నుంచి పీఎల్ 480 అనే వాళ్ళ తిండిసాయం చట్టం కింద గోధుమలొచ్చాయి, ఒక్క 1966లోనే దేశం మొత్తం మీద కోటి టన్నులకి పైగా తిండిగింజలు దిగుమతి చేసుకున్నాం, మన పోర్టులో కూడా ఆ ఓడలు దిగేవి. ఆ రోజుల్లో బళ్ళలో పెట్టిన గోధుమనూక ఉప్మా గుర్తున్న పెద్దవాళ్ళు మీ ఇంట్లో ఉంటే అడుగు. కాన్సాస్ లాంటి చోట్ల నేలని బాగుచేసుకోకపోయి ఉంటే ముప్పై ఏళ్ళకి అంత ధాన్యం మిగిలేది కాదు. అయితే తర్వాత వాళ్ళు ఒగల్లాలా అనే భూగర్భజలాన్ని బోర్లతో తోడెయ్యడం మొదలెట్టారు, బోర్ల నీళ్ళు పారించే యంత్రాలకి అడ్డమని ఆ చెట్ల వరసలు కొన్ని కొట్టేశారు, ఇప్పుడు కొన్నిచోట్ల ఆ నీళ్ళు అడుగంటుతున్నాయి, ఆ కథ ఇంకా అవ్వలేదు.

రష్యావాళ్ళు ఇది చూసీ అదే చేశారు. 1954లో సోవియట్ నాయకుడు కృశ్చేవ్ కజకిస్తాన్, సైబీరియా గడ్డిమైదానాల్ని దున్నించాడు, ఐదారేళ్ళలో 4 కోట్ల హెక్టార్లు. మొదట్లో పంటలు బ్రహ్మాండం, 1960లు వచ్చేసరికి దుమారాలు, 1963లో పంటపోయి విదేశాల నుంచి గోధుమలు కొనుక్కోవాల్సి వచ్చింది. అక్కడ బరాయెవ్ అనే శాస్త్రవేత్త మట్టిని తిరగెయ్యకుండా కిందనుంచి కోసి కొయ్యకాళ్ళని నిలబెట్టే నాగలి పద్ధతి తెచ్చాడు, మందు మళ్ళీ అదే, నేల మీద కప్పు.

ఇక మన సంగతి. తెలుగు నేలకి కరువు కొత్తకాదు. 1832-33 నందన నామ సంవత్సరంలో గుంటూరు సీమలో వచ్చిన కరువుకి అక్కడి జనంలో దాదాపు మూడోవంతు పోయారు. కాటన్ దొర ధవళేశ్వరం ఆనకట్ట కట్టడం వెనక ఆ కరువు జ్ఞాపకం ఉంది, 1847లో మొదలెట్టి 1852కి పూర్తిచేశారు. 1866లో ఒరిస్సా కరువు మన పక్క గంజాం దాకా పాకింది. 1876లో ధాత కరువు, బళ్ళారి, కర్నూలు, కడప జిల్లాలు ఊడ్చుకుపోయాయి, దేశంలో మొత్తం 50 లక్షల మందికి పైగా చనిపోయారు, ఆ టైములో కూడా ఓడల్లో ధాన్యం బయటికి వెళ్తూనే ఉంది, పనిచేసే కూలీకి రోజుకి పౌను గింజలు చాలని రిచర్డ్ టెంపుల్ అనే బ్రిటిష్ అధికారి లెక్కకట్టాడు. అవి చదివితే ఇప్పటికీ నాకు కడుపు మండుతుంది. కానీ ప్రాజెక్టులో నువ్వు గమనించాల్సింది ఏంటంటే, అంతటి కరువులోనూ మన దగ్గర డస్ట్ బౌల్ లాంటిది జరిగినట్టు కనపడదు. నా ఉద్దేశంలో దానికి కారణం అప్పటి సాగు పద్ధతి. చిన్న చిన్న చెలకలు, చుట్టూ గట్లు, గట్ల మీద చెట్లు, కొర్రలో కంది, జొన్నలో అనుము, అన్నీ కలిపి చల్లేవాళ్ళు, ఒకటి కోసినా ఇంకొకటి నేల మీద నిలబడి ఉండేది, కంది పుష్యమాసం దాకా పొలంలోనే ఉంటుంది. జొన్న కోస్తే కొయ్యకాళ్లు మిగిలేవి.

అనంతపురంలో ఇది మారిపోయింది. సగటు వర్షం 550 మిల్లీమీటర్లు, మన విశాఖలో పడేదాంట్లో సగానికి కాస్త అటూఇటూ. 1960ల తర్వాత మెల్లమెల్లగా, 1986లో నూనెగింజల మిషన్ వచ్చాక ఇంకా జోరుగా, రేటు బాగుందని కొర్ర, ఆరిక, జొన్న తీసేసి వేరుశనగ వేశారు, ఒక దశలో ఉమ్మడి జిల్లాలో ఏడెనిమిది లక్షల హెక్టార్లు ఈ ఒక్క పంటే. రైతుని తప్పుపట్టడానికి లేదు, కొర్రలకి ఎవరిచ్చారు రేటు? కానీ వేరుశనగ కోసే పంట కాదు, పీకే పంట. చెట్టుని వేళ్ళతో సహా లాగేస్తారు, కట్టె పశువుల మేతకి పోతుంది, పొలంలో చిన్న పుల్ల కూడా మిగలదు, పైగా పీకడంలో మట్టి అంతా గుల్లవుతుంది. తర్వాత మళ్ళీ వానలదాకా నేల బోసిగా ఉంటుంది. ఇక గాలి సంగతి, రామగిరి, బెళుగుప్ప వైపు గాలిమరలు ఎందుకు పెట్టారనుకుంటున్నావు? జూన్ నుంచి ఆగస్టు దాకా పడమటి కనుమలు దాటి వచ్చే నైరుతి గాలి అక్కడ విపరీతం, వాన కనుమల అవతలే పడిపోతుంది, గాలి మాత్రం ఇటొస్తుంది. సరిగ్గా ఆ నెలల్లోనే రైతు దుక్కి దున్ని వాన కోసం చూస్తుంటాడు. ఎర్రనేల మీద సాయంత్రం పూట దుమ్ము లేచి రోడ్డు కనపడకుండా పోవడం నేను చాలాసార్లు చూశాను.

అన్నిటికన్నా ఘోరం వేదవతి ఒడ్డున. దాన్నే హగరి అంటారు. బొమ్మనహాళ్, కణేకల్లు మండలాల్లో దర్గా హొన్నూరు, గోవిందవాడ లాంటి ఊళ్ళకి వెళ్తే రాజస్థాన్‌కి వచ్చామా అనిపిస్తుంది, నిజం ఇసుక దిబ్బలు, గాలికి కదిలే దిబ్బలు. ఎండిన నది పడకలో ఇసుకని నైరుతి గాలి తీసుకొచ్చి తూర్పు ఒడ్డు పొలాల మీద పోస్తుంది. ఇది ఇప్పటిది కాదు, బ్రిటిష్ కాలం బళ్ళారి గెజెటీర్లలోనే హగరి ఇసుక గురించి రాశారు. కానీ ఎగువన కర్ణాటకలో 1907లో మారికణివె దగ్గర వాణీవిలాస సాగర్ డ్యామ్, తర్వాత మన వైపు భైరవానితిప్ప డ్యామ్ వచ్చాక నదిలో నీళ్ళు పారే రోజులు బాగా తగ్గిపోయాయి, ఇసుక తడిగా ఉంటే కదలదు, ఎండితేనే కదులుతుంది. అక్కడ విత్తిన వారానికి మొలకలు ఇసుక కింద పడిపోయి మళ్ళీ విత్తుకున్న రైతులు నాకు తెలుసు.

మరి మన ఉత్తరాంధ్రలో? ఇక్కడ వెయ్యి మిల్లీమీటర్ల పైన వాన, తుఫాన్లు వేరే, అందుకని గాలి దుమారం భయం లేదు, కానీ అదే పని ఇక్కడ నీళ్ళు చేస్తాయి. అరకు, పాడేరు కొండల మీద పోడులో చెట్లు నరికి చోళ్లు, సామలు వేస్తే రెండు మూడేళ్ళకి పైమట్టి గెడ్డల్లోకి కొట్టుకుపోయి రాయి తేలుతుంది. అలాగని గాలి ఇక్కడ ఏం చెయ్యలేదనుకోకు. భీమిలి దారిలో ఎర్రమట్టి దిబ్బలకి నువ్వు పిక్నిక్కి వెళ్ళే ఉంటావు, ఈసారి జాగ్రఫీ కళ్ళతో చూడు. సుమారు 20 వేల ఏళ్ళ కిందట మంచుయుగంలో సముద్రమట్టం ఇప్పటికన్నా 120 మీటర్ల దాకా కిందుండేది, అప్పుడు బయటపడ్డ ఇసుకని గాలి తెచ్చి పోయడం ఆ దిబ్బలు పుట్టడంలో పెద్ద కారణమని భూగర్భ శాస్త్రవేత్తలు చెప్తారు. 2014లో జీఎస్ఐ (భారత భూగర్భ సర్వే సంస్థ) దాన్ని భూవారసత్వ స్థలంగా ప్రకటించింది. మధ్యలో కనిపించే లోతు గండ్లన్నీ వాననీరు కోసినవి. అక్కడ తవ్వకాలు చేసి చెట్టూచేమా తీసేస్తుంటే నాకు చాలా బాధేస్తుంది, అది ఇసుక అని మర్చిపోకూడదు. మన తీరంలో సరుగుడు తోటలు సముద్రపు ఇసుకని ఎలా ఆపుతున్నాయో కూడా చూడు, చెట్టు ఎత్తుకి పది పదిహేను రెట్ల దూరం దాకా గాలి జోరు తగ్గుతుంది, రూజ్‌వెల్ట్ పెట్టించిన చెట్ల వరసలదీ ఇదే సూత్రం.

ఇకముందు వస్తుందా అన్నావు. అమెరికా అంత పెద్దది మన దగ్గర వస్తుందని నేననుకోను, మన కమతాలు చిన్నవి, మధ్యలో గట్లు, చెరువులు, తుమ్మచెట్లు అడ్డుంటాయి, గాలికి అంత పొడుగు మైదానం దొరకదు. కానీ హగరి ఒడ్డున జరిగేది ఇంకో పది ఊళ్ళకి పాకదని చెప్పలేను. ట్రాక్టర్ తిరగడానికని గట్లు కలిపేసుకోవడం, గట్ల మీద చెట్లు అమ్మేసుకోవడం చూస్తుంటే భయంగానే ఉంటుంది. మంచి కూడా జరుగుతోంది, ప్రకృతి వ్యవసాయం వాళ్ళు అనంతపురంలో వానలకి ముందే నవధాన్యాలు మట్టిపూత పట్టించి పొడినేలలో విత్తించి, పైన వేరుశనగ పొట్టు, ఆకూఅలమూ కప్పిస్తున్నారు, ఏడాదంతా నేల మీద పచ్చదనం ఉండాలన్నది వాళ్ళ లెక్క. నా దృష్టిలో చెక్‌డ్యాముల కన్నా ఇది ఎక్కువ పని చేస్తుంది. మా వాటర్‌షెడ్ పనుల్లో నీళ్ళు ఆపడం మీద పెట్టిన శ్రద్ధలో సగం నేల కప్పు మీద పెట్టి ఉంటే బాగుండేది.

నీ ప్రాజెక్టుకి ఒక సలహా. రాష్ట్ర అర్థగణాంక శాఖ సీజన్ అండ్ క్రాప్ రిపోర్టులు వేస్తుంది, వాటిల్లోంచి అనంతపురం జిల్లా వేరుశనగ, జొన్న, కొర్ర విస్తీర్ణం 1960 నుంచి తీసుకో, పక్కన అదే ఏళ్ళ వానలు, ఇంకో పక్క వేరుశనగ రేటు పెట్టి గ్రాఫ్ గియ్యి. విస్తీర్ణం వాన వెంట నడిచిందో రేటు వెంట నడిచిందో నీకే కనపడుతుంది. కుదిరితే జూన్ ఆఖరులో బొమ్మనహాళ్ వెళ్ళు, నవంబరులో వెళ్తే గాలి ఉండదు, ఏమీ అర్థం కాదు. వెళ్ళేటప్పుడు ముక్కుకి గుడ్డ, కెమెరాకి కవర్ తీసుకెళ్ళు, అక్కడ రైతుల్ని ఎన్నిసార్లు విత్తారు, గట్టు మీద చెట్లు ఎప్పుడు కొట్టారు, ఎందుకు కొట్టారు అని అడుగు. హగరి ఊళ్ళ గురించి ఇంకేమన్నా కావాలంటే ఇక్కడే రాయి, చెప్తా.